నాలుగేళ్ల జాన్నకు దక్కని సింహాసనం

1316 నవంబరులో ఫ్రాన్సుకు ఒక రాజు పుట్టి ఐదు రోజులకే పోయాడు. తండ్రి పదో లూయీ అంతకు ఐదు నెలల ముందే చనిపోయాడు గనక భూమ్మీద పడ్డ క్షణం నుంచే ఆ బిడ్డ రాజు, మొదటి జాన్. మేముండే సాన్ దెనీ పారిస్‌ను ఆనుకునే ఉంటుంది. ఫ్రెంచి రాజుల్లో ఎక్కువ మంది సమాధులు మా ఊరి బసిలికాలోనే ఉన్నాయి. అక్కడ తండ్రి పక్కనే ఈ పసివాడి పాలరాతి బొమ్మ పడుకుని ఉంటుంది. ఐదు రోజుల గుడ్డులా కాకుండా కాస్త ఎదిగిన పిల్లాడిలా చెక్కారు. హైదరాబాద్ నుంచి వచ్చిన చుట్టాలను తీసుకెళ్తే అందరూ అక్కడ ఆగి ‘అయ్యో’ అంటారు. నా మనసు మాత్రం వాడి అక్క జాన్న మీదికి పోతుంది.

లూయీ మొదటి భార్య కూతురామె. తమ్ముడు పోయేనాటికి నాలుగేళ్లది, ఆ రాజుకు భార్యల వల్ల మిగిలిన ఒక్కగానొక్క సంతానం. తల్లి మార్గరీత్ మీద అప్పటికే మచ్చ పడింది. 1314లో ఆమెకూ ఒక తోటికోడలికీ దోనే అన్నదమ్ములతో సంబంధం ఉందని తేల్చి, ఆ ఇద్దరు యువకులను చిత్రహింసలు పెట్టి చంపారు. మార్గరీత్‌ను కోటలో బంధించారు, మరుసటి ఏడే అక్కడే పోయింది. కథంతా నడిచిందని జనం చెప్పుకునే నెల్ బురుజు సేన్ ఒడ్డున, లూవ్ర్‌కు ఎదురుగా ఉండేది. ఇప్పుడు అక్కడ గుమ్మటమున్న ఇన్‌స్టిట్యూట్ భవనం ఉంది. ఆ రేవు పక్కగా నడిచినప్పుడల్లా నాకు కోపమే వస్తుంది. తల్లి మీది నిందను బిడ్డ పుట్టుకకు పులమడం ఏ కాలంలోనైనా ఎంత తేలిక!

బాబాయి ఫిలిప్ అప్పటికే రాజప్రతినిధి. 1317 జనవరి 9న రాన్స్ నగర ద్వారాలు మూయించి, కాపలా మధ్య పట్టాభిషేకం చేయించుకున్నాడు. జాన్న అమ్మమ్మ ఆన్యెస్, సెయింట్ లూయీ కూతురు, ఇది అన్యాయమని గట్టిగా అభ్యంతరం చెప్పింది. ఎవరూ వినలేదు. మరుసటి నెలలోనే పారిస్‌లో సభ పెట్టి, ఫ్రాన్స్ రాజ్యానికి స్త్రీ వారసురాలు కాదని చెప్పించారు. అందుకు ఏ పాత శాసనాన్నీ చూపలేదు. దీనికి మూలమని బళ్లలో చెప్పే సాలిక్ చట్టం ఆ తర్వాతి సంగతి. మా సాన్ దెనీ మఠం సన్యాసి రిషార్ లెస్కో దాన్ని బయటికి తీసింది 1358లో. ముందు గద్దె పట్టుకున్నారు, చట్టం తర్వాత దొరికింది.

ఆడది ఏలడం వాళ్ల ఊహకు అందని విషయమేమీ కాదు. జాన్న నాయనమ్మ స్వయంగా నవార్ రాణి. ఆ రాన్స్ పట్టాభిషేకంలో రాజ్య ప్రముఖుల వరుసలో నిలిచిన మావో, సోదరుడి కొడుకును కాదని ఆర్త్వా కౌంటీని తండ్రి నుంచి పొందిన ఆడమనిషి. ఇంకొకటి తెలిసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. 1307లో వెనిస్‌లో మార్కో పోలో తన పుస్తకం ప్రతి ఒకటి ఒక ఫ్రెంచి దొరకు ఇచ్చాడు. అది షార్ల్ ద వాల్వాకు చేరింది. ఈయన జాన్నకు చిన్న తాత. మోటుపల్లి దేశాన్ని ధర్మంగా ఏలిన రాణిని మార్కో పోలో తన పుస్తకంలో నోరారా మెచ్చుకున్నాడు. భర్త పోయిన రాణి అనుకున్నాడు గానీ, ఆమె మన రుద్రమదేవి అంటారు చరిత్రకారులు. గణపతిదేవుడికి కొడుకులు లేకపోతే కూతురే ఏలింది. 1328లో, ఆడవాళ్లకు హక్కు లేదన్న మాట మీదే రాజైన ఆరో ఫిలిప్ ఈ షార్ల్ కొడుకు.

జాన్నకు అండగా నిలవాల్సినవాడు మేనమామ, బర్గండీ డ్యూక్ ఓద్. మొదట నిలిచాడు కూడా. 1318లో కొత్త రాజు తన పెద్దకూతురిని అతనికిచ్చి పెళ్లి చేశాడు. ఆ పిల్లతో పాటు బర్గండీ కౌంటీ మీద వారసత్వం కూడా వస్తుంది. ఓద్ మేనకోడలి హక్కు వదిలేశాడు. ఆరేళ్ల జాన్న తరఫున పెద్దవాళ్లే ఒప్పందం రాసుకుని, ఆ ఏడే ఆమెకూ పెళ్లి చేసేశారు. ఇది చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. తాతగారు పోయాక మామయ్యలు హక్కు విడుదల పత్రం తెచ్చి భోజనాల బల్ల మీద పెడితే, అమ్మ పప్పు గరిటె పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, చదవకుండా సంతకం పెట్టింది. ఆ చెయ్యి తడి కాగితం అంచుకు అంటుకుంది.

ఓద్ ఆ సంబంధం వద్దని ఉంటే? జాన్న రాణి అయ్యేది, బర్గండీ మేనమామ రాజప్రతినిధి అయ్యేవాడు. ఆమె మొగుడెవరన్న దాని మీద దొరలు కత్తులు దూసేవాళ్లు, అది ఖాయం. గాస్కనీ కోసం ఇంగ్లండుతో యుద్ధం కూడా తప్పేది కాదనే నా నమ్మకం. కానీ 1340లో మూడో ఎడ్వర్డ్ ఫ్రాన్స్ రాజునని ప్రకటించుకోవడానికి ఆధారం మిగిలేది కాదు. అతని తల్లి ఇజబెల్ జాన్నకు మేనత్త. పెద్దన్న కూతురు గద్దె మీద ఉండగా, ఆ తర్వాత ఆమె కొడుకు ఉండగా, చెల్లెలి కొడుకు మాట ఎవరు వింటారు? వాల్వా రాజులే లేకపోతే ఆ ఇంటి దాయాదుల పగ కూడా లేదు. 1407లో పారిస్ వీధిలో ఓర్లెయాన్ డ్యూక్‌ను నరికించడం, 1419లో మోంతెరో వంతెన మీద బర్గండీ డ్యూక్‌ను చంపడం, ఆ మరుసటి ఏడు త్రువా సంధిలో రాజ్యాన్ని ఇంగ్లండు రాజు చేతిలో పెట్టడం ఇవన్నీ ఆ పగ కొమ్మలే. జాన్న కొడుకు షార్ల్‌ను చరిత్ర ‘చెడ్డ షార్ల్’ అంటుంది. 1354లో రాజుగారి సేనాధిపతిని చంపించింది అతనే. తనదనుకున్న కిరీటం, తల్లికి రావాల్సిన షాంపేన్ సీమ చేజారిన ఇంట్లో పెరిగినవాడు. రాజుగా పుట్టి ఉంటే ఆ విషం అంత ఉండేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

బాబాయి రాయించిన నియమం ముందు అతని ఇంటికే తగిలింది. 1322లో కూతుళ్లనే మిగిల్చి పోయాడు, వాళ్లలో ఎవరికీ గద్దె రాలేదు, తమ్ముడికి పోయింది. 1328లో ఆ తమ్ముడూ కొడుకు లేకుండానే పోయాడు.

జాన్నకు చివరికి నవార్ దక్కింది. 1349లో చనిపోయేదాకా రాణి. అక్కడ కూతుళ్లకు అడ్డు లేదు. ఆమె వంశంలో బ్లాన్ష్, ఎలియనోర్, కాతరీన్, జాన్న దాల్‌బ్రే స్వయంగా రాణులయ్యారు. ఈ చివరామె కొడుకే నాలుగో హెన్రీ, 1589లో ఫ్రాన్స్ రాజు. నాలుగేళ్లప్పుడు గెంటేసిన పిల్ల రక్తం అలా ఆ సింహాసనం ఎక్కింది. హెన్రీ హక్కును మాత్రం తండ్రి వైపు నుంచే, మూడు వందల ఏళ్లు వెనక్కి వెళ్లి, సెయింట్ లూయీ చిన్న కొడుకు రాబర్ట్ దాకా లెక్కగట్టారు. బళ్లో ఆ వంశవృక్షం గీసుకుని వచ్చినప్పుడు మా పెద్దమ్మాయి దాని పక్కనే రెండోది గీసింది, తల్లుల వైపు నుంచి.