స్టిక్కర్లు పీకే ఆట

రూబిక్స్ క్యూబు ఉన్న ఇంట్లో ఒక తుంటరి తప్పకుండా ఉంటాడు. తిప్పీ తిప్పీ విసుగెత్తి, గోటితో స్టిక్కర్లు పీకి, ఎరుపు పక్కన ఎరుపు, పసుపు పక్కన పసుపు అతికించేసి "అయిపోయిందోచ్" అని అరిచే రకం. అంచులు లేచిన స్టిక్కర్లు వాణ్ని పట్టిచ్చేస్తాయనుకోండి. సరిగ్గా ఆ తుంటరి పనినే అటారీ కంపెనీ వీడియో గేముగా చేసి అమ్మిందంటే నమ్ముతారా?

హంగరీలో ఎర్నో రూబిక్ 1974లో క్యూబు తయారుచేశాడు. 1980లో అది దేశదేశాల బొమ్మల కొట్లకెక్కింది, ఇక పిల్లాపెద్దా అందరికీ అదే పిచ్చి. టీవీకి తగిలించి ఆడుకునే అటారీ 2600 కూడా అప్పుడు మంచి ఊపు మీదుంది. ఇంకేం, 1982లో 'అటారీ వీడియో క్యూబ్' వచ్చేసింది.

చిక్కంతా ఆ అటారీ 2600 పెట్టెతోనే. దాని మెమరీ ఎంతో తెలుసా? 128 బైట్లు. కిలోబైట్లు కాదండోయ్, ఉత్త బైట్లు! క్యూబు మీది 54 గళ్లకీ తలా ఒక బైటు ఇస్తే దాదాపు సగం అక్కడే హరీ. తెర మీది బొమ్మనంతా దాచుకునే చోటు అసలే లేదు. టీవీ గీత తర్వాత గీత గీస్తుంటే, ప్రోగ్రాము దాని వెంటే పరిగెత్తి ఏ గీతకి ఏ రంగో అప్పటికప్పుడు అందించాలి.

మరి అసలు క్యూబులోలాగా వరసలు తిప్పడం? ఆ పనే పెట్టుకోలేదు వాళ్లు. తెర మీద ఒక్క ముఖమే కనిపిస్తుంది, తొమ్మిది గళ్లు. వాటి మీద హ్యూబీ అనే బుల్లి మనిషి తిరుగుతుంటాడు. అంచు దాటాడంటే పక్క ముఖం వస్తుంది. ఒక గడిలో రంగు ఎత్తుకెళ్లి ఇంకో గడిలో పెట్టడమే అతగాడి ఉద్యోగం. అచ్చం మన తుంటరే!

"అయితే అందులో ఆటేముంది?" అంటారు. ఉంది. చేతిలో ఏ రంగు ఉందో ఆ రంగు గడి మీద హ్యూబీ కాలు పెట్టకూడదు. ఎర్ర గళ్లు ఒకచోట చేరేకొద్దీ ఎరుపు మోసుకొచ్చేవాడికి దారి మూసుకుపోతుంది. మీరు చక్కగా సర్దిందే మీకు అడ్డమవుతుంది. ఈ ఒక్క షరతు పెట్టిన బుర్రకి దండం పెట్టొచ్చు.

1984లో 'రూబిక్స్ క్యూబ్' అనే పేరుతోనే దాన్ని మళ్లీ అమ్మారు. క్యూబు తిప్పే సరదా కావాలంటే మాత్రం ఆ గేము జోలికి పోకండి. దారి వెతుక్కునే ఆటలు ఇష్టమైతే, దొరికినప్పుడు ఓ చెయ్యి వేసి చూడండి.