ఒకే అచ్చు గ్లాసులు



పాత నాణేలు, స్టాంపులు పోగుచేసేవాళ్లను మనం చూశాం. అంతరిక్ష కథల టీవీ సీరియళ్లలో నటులు వాడిన కప్పులు, ప్లేట్లు, చెంచాలు పోగుచేసేవాళ్లు కూడా ఉన్నారని మాకు ఈమధ్యే తెలిసింది. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మన సంఘ బిడ్డ ఒకడికి ఆ సరదా ఉంది. మొన్న వీడియో కాల్‌లో తన అలమారా చూపిస్తుంటే మేం దంపతులం గంటసేపు విన్నాం.

అందులో ఒక గాజు టీ కప్పు ఉంది. 'స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్' అనే సీరియల్ 1987 నుంచి 1994 వరకు వచ్చింది. అందులో ఓడ కెప్టెన్‌గా పాట్రిక్ స్టీవార్ట్ టీ తాగే కప్పు అలాంటిదేనట. కథ 24వ శతాబ్దంలో జరుగుతుంది. కప్పు మాత్రం డెన్మార్క్‌లో పుట్టిన బోడమ్ కంపెనీది, అంగట్లో ఎవరైనా కొనుక్కోగలిగినదే.

ఇంకో సంగతి చెప్పాడు. మొదటి 'స్టార్ ట్రెక్' 1966 సెప్టెంబరు 8న మొదలైంది. ఆ రోజు కథలో ఉప్పు కోసం మనుషుల్ని చంపే ఒక ప్రాణి ఉంటుంది. దాని కోసం వింత ఆకారాల్లో ఉన్న ఉప్పు చల్లుకునే డబ్బాలు కొన్నారు. చూసేవాళ్లకు అవి ఉప్పు డబ్బాలని తెలియదేమోనని పక్కనపెట్టి, మామూలువే వాడారు. కొన్నవాటిని పారేయలేదు. ఓడలో డాక్టర్ మెక్‌కాయ్ చేతికిచ్చి వైద్య పరికరాలుగా చూపించారు. అలాంటి పాత ఉప్పు డబ్బాల కోసం అభిమానులు ఇప్పటికీ వెతుకుతున్నారు.

2006 అక్టోబరులో న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ ఈ సీరియళ్ల వస్తువులను వేలం వేస్తే ఒక్క ఓడ నమూనాయే 5,76,000 డాలర్లు పలికింది. ఒకే అచ్చులో పోసిన రెండు కప్పులుంటే, షూటింగులో నటుడు ముట్టుకున్నదని కాగితం ఉన్నదాని ధరే వేరు. గాజు అదే, అచ్చు అదే. తాగిన మనిషిని బట్టి విలువ.

ఇది విన్నాక మేం చాలాసేపు మాట్లాడుకోలేదు. తాగిన మనిషిని బట్టి గ్లాసుకు విలువ కట్టడం మనకు కొత్త కాదు. మా చిన్నప్పుడు ఊరి టీ హోటల్లో మా నాన్నల గ్లాసులు బయట చూరు కింద ఉండేవి. తీసుకుని దూరంగా పట్టుకుంటే పైనుంచి టీ పోసేవారు. తాగి, కడిగి, మళ్లీ అక్కడే బోర్లించాలి. డబ్బులు మాత్రం లోపల కూర్చున్నవాళ్లతో సమానంగా ఇవ్వాలి. లోపలి గ్లాసులూ ఆ సంతలో కొన్నవే. అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చినా, రెండు గ్లాసుల పద్ధతి మా కళ్ల ముందే నడిచింది. అక్కడ పెద్ద నటుడు ముట్టుకున్నాడని కప్పును అద్దాల పెట్టెలో పెడుతున్నారు. ఇక్కడ మా నాన్న ముట్టుకున్నాడని గ్లాసును బయట పెట్టారు.

ఇప్పుడు పేపరు కప్పులొచ్చాయి. అందరికీ ఒకటే కప్పు, మంచిదే. అయితే అది మనసు మారి వచ్చిన కప్పు కాదు, కడిగే పని తప్పుతుందని వచ్చిన కప్పు.

ప్రియులారా, మన ఇళ్లు కూడా చూసుకుందాం. ఆఫీసరు వస్తే అలమారాలోంచి పింగాణీ కప్పులు దిగుతాయి. మురుగు కాలువ తీయడానికి వచ్చిన తమ్ముడికి, బట్టలుతికే అక్కకు ఏ గ్లాసులో ఇస్తున్నాం? బయట గ్లాసు బాధ తెలిసిన మన వంటింట్లో ఆ రెండో గ్లాసు ఉండకూడదు. ఉంటే ఈ వారమే తీసేయండి.

వచ్చే ఆదివారం కూడిక అయ్యాక అందరికీ టీ ఉంటుంది. నలభై స్టీలు గ్లాసులు కొన్నాం, అన్నీ ఒకే రకం. కడగడానికి ఇద్దరు యవనస్థులు కావాలి. పేర్లు ముందే చెప్పండి.