ఉప్పుగాలిలో పాత అంబాసిడరు

2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో, వీర సావర్కర్ విమానాశ్రయం చెంతనున్న పేట లంబాలైన్. ఎత్తుపల్లాల దారులు, మే నుండి డిసెంబరు వరకు వానలు, ఏడాది పొడవునా ఉప్పుగాలి. మనుషులకు హాయినిచ్చే ఈ గాలి లోహాలకు మాత్రం శత్రువు.

2014లో తయారీ నిలిచిన అంబాసిడరు మాకొకటి ఉన్నది. రాత్రివేళ దీపాలు మందగించడం, ఉదయం స్టార్టరు మూలగడం మొదలైనవి. అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్ళవలసివస్తే ఎట్లా అని ఇంటిల్లిపాదికీ చింత. బ్యాటరీ, ఆల్టర్నేటరు రెండూ మార్చమని సలహాలు వచ్చినవి. కొనే ముందు కొలవడమే ఉచితమని మేము మల్టీమీటరు తీశాము.

నిండుగా ఛార్జయిన బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపాలి, మాది 12.2. ఇంజను నడుస్తుండగా 13.8 నుండి 14.4 రావాలి, 13.2 మాత్రమే వచ్చింది. ఆల్టర్నేటరు వద్ద మాత్రం 14.2! బెల్టు బిగువుగానే ఉన్నది. అనగా పుట్టిన విద్యుత్తు దారిలోనే తరుగుతున్నది. హెడ్‌లైట్లు వెలిగించి, ఆల్టర్నేటరు ఒంటికీ బ్యాటరీ రుణధ్రువానికీ మధ్య కొలవగా 0.9 వోల్టు, 0.2 మించరాదు.

ఇంజనును చాసిస్‌తో కలిపే ఎర్త్ పట్టీ చివరలు చిలుము పట్టి ఉన్నవి. ఇంజను ఆపి, బ్యాటరీ రుణధ్రువం తీగ విప్పి, ఆ చివరలను గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన వాజలిన్ పూశాము. బ్యాటరీ వద్ద 14.0 వోల్టులు వచ్చినవి.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీసి పరీక్షించే పాత అలవాటు మానాలి. ఆల్టర్నేటరులోని డయోడ్లు కాలిపోగలవు. సముద్రతీరవాసులు వానలకు ముందే ఎర్త్ పట్టీని చూసుకోవడం శ్రేయస్కరం.