చిత్రం పూర్తయింది, బిల్లు మిగిలింది

చిత్రనిర్మాణమంటే వెలుగునీడల వ్యవహారమని లోకుల నమ్మకం. ఖరగ్‌పూర్‌ ట్రాఫిక్‌లో ఒక చిన్న గదిలో కూర్చుని కార్ఖానాలకూ కళాశాలలకూ పొట్టి చిత్రాలు తీసిపెట్టే నాబోటివానికి మాత్రం అది ముప్పాతిక వంతు కాగితాల వ్యవహారం.

కాగితం మా ఊరి తెలుగువారికి కొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలలో మాదొకటి. మా నాన్నగారు గూడ్సు గుమాస్తా. రైల్వే రసీదు చూపనిదే సరకు కదలనిచ్చేవారు కారు. కిరాయి ముందే చెల్లినదైతే ‘పెయిడ్’, దిగినచోట చెల్లించవలసినదైతే ‘టు పే’ అని రసీదు మీదనే ఉండేది. మా వృత్తిలో సరకు ముందే వెళ్ళిపోతుంది. సొమ్ము తీరికగా నడిచి వస్తుంది.

రెండేళ్ళ క్రితం ఒక పెద్ద సంస్థకు పన్నెండు నిమిషాల చిత్రం తీసి ఇచ్చాను. రుసుము రూ. 2,00,000. లైట్లు మోసిన కుర్రాళ్ళకు ఏ రోజు కూలి ఆ రోజే ముట్టజెప్పాను. “రేపు చూద్దాంలే తమ్ముడూ” అని వారితో అనగలమా? కెమెరా అద్దె, జీపు, భోజనాలు అన్నీ రొక్కమే. ఆపైన జీఎస్టీ నూటికి 18 చొప్పున రూ. 36,000. నెలనెలా లెక్క దాఖలు చేసేవాడు బిల్లు ఇచ్చిన మరుసటి నెల 20వ తేదీకల్లా ఆ పన్ను కట్టవలసిందే. సొమ్ము చేతికందిందా అని అడిగే నాథుడు లేడు. అప్పు చేసి కట్టాను. అంటే ఆ పెద్ద సంస్థకు ఏడు నెలలపాటు వడ్డీలేని అప్పిచ్చినవాణ్ణి నేనే!

చివరకు సొమ్ము వచ్చింది. జీఎస్టీ వేరుగా చూపిన బిల్లులో ఆదాయపు పన్ను మినహాయింపు రుసుము మీదనే జరగాలి. వారు మొత్తం మీద కోశారు.

చట్టం మనవైపే ఉన్నది. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి చెల్లింపు ఆపరాదు. ఆపితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ చక్రవడ్డీ. ఉద్యమ్ నమోదు సంఖ్యతో సహా ఆ వాక్యాన్ని నా బిల్లుల అడుగున అచ్చు వేయించాను. అయితే పనిచ్చేవారు పట్టుమని పదిమంది లేని ఊళ్ళో వడ్డీకి దావా వేసినవానికి మరో పని ఎవరిస్తారు?

కనుక రుసుమును ముక్కలు చేశాను. చిత్రీకరణకు ముందు సగం, తొలి కూర్పు చూపగానే పాతిక వంతు, తుది ప్రతి చేతికిచ్చే ముందు మిగిలినది. ముందుగా అందిన సొమ్ముకు వెంటనే పన్ను పడుతుంది, నిజమే. కాని అప్పుడు కట్టేది వారి డబ్బే.

ఈ నెల అదే సంస్థ మరో చిత్రం కావాలన్నది. సగానికి ప్రొఫార్మా పంపాను. జవాబు రాలేదు. “ఎప్పుడన్నా షూటింగు?” అని కుర్రాళ్ళు అడుగుతున్నారు. తేదీ చెప్పలేదు.