బడ్జెట్ దాటిన మూడున్నర వేలు

మా వాట్సాప్ గ్రూపులో ఎక్సెల్ షీట్ పెట్టింది నేనే. ‘నేపాల్, పది రోజులు, మనిషికి రూ.22 వేలు. ఒక్క రూపాయి దాటినా నన్నడగండి’ అని కింద రాశాను. తిరిగొచ్చాక లెక్క చూస్తే రూ.25,500 తేలింది. ఆ మూడున్నర వేలు ఎక్కడికి పోయాయో చెప్పడానికే ఇది రాస్తున్నా.

మేం ముగ్గురం. బీటెక్‌లో ఒకే హాస్టల్, ఇప్పుడు గచ్చిబౌలిలో ఒకే ఫ్లాట్. రోజుకి పది గంటలు కుర్చీలో కూర్చునే ఉద్యోగాలు. ఏప్రిల్‌లో సెలవులు కలిసొచ్చాయి. ఫ్లైట్ అన్న మాట షీట్‌లోనే లేదు కాబట్టి సికింద్రాబాద్ నుంచి స్లీపర్‌లో గోరఖ్‌పూర్, అక్కణ్నుంచి బస్సులో సునౌలీ చేరాం. దేశ సరిహద్దు అంటే సినిమాల్లోలా ఉంటుందనుకున్నా. ఒక పెద్ద గేటు, దాని కింద రిక్షాలు, సైకిళ్లు, సంచులు మోస్తున్న జనం... అంతే! బ్యాగులు భుజాన వేసుకుని నడిచి దాటేశాం. నేపాల్ టైమ్ మనకంటే 15 నిమిషాలు ముందు. ఫోన్లు సరిచేసుకుని పోఖరా బస్సెక్కాం. ఘాట్‌రోడ్డు మీద రోజంతా ప్రయాణం.

మన వంద రూపాయలు అక్కడ నూట అరవై. దాంతో ప్రతి ధరనీ 1.6తో భాగించడం నాకు జబ్బులా పట్టుకుంది. ఫేవా సరస్సు పక్కన కూర్చుని కూడా నేను కాలిక్యులేటరే చూస్తున్నా.

మొదటి గొడవ గైడ్ దగ్గర. 2023 నుంచి విదేశీ ట్రెక్కర్లకు లైసెన్స్ ఉన్న గైడ్ తప్పనిసరి అన్న నిబంధన ఉంది. ‘‘ఆఫ్‌లైన్ మ్యాప్ ఉంది కదా మామా, మనల్ని ఎవడు అడుగుతాడు?’’ అన్నాను. మిగతా ఇద్దరూ ఒప్పుకోలేదు. రోజుకి మూడు వేల నేపాలీ రూపాయలకు ఒకాయన కుదిరాడు. నలభై ఏళ్లుంటాయి, మాట తక్కువ. ఆయన్ని ‘దాయ్’ అని పిలిచాం. నేపాలీలో అన్నయ్య అని.

మా దారి చాలామంది కొత్తవాళ్లు ఎంచుకునేదే. నయాపూల్, ఉల్లేరీ, ఘోరేపానీ, పూన్ హిల్, తాడాపానీ, ఘాంద్రుక్. టికేధుంగా దాటాక ఉల్లేరీ వరకు మూడు వేలకు పైగా రాతిమెట్లు. ‘‘అలిపిరిలో 3,550 మెట్లు ఎక్కినోళ్లం, ఇవొక లెక్కా?’’ అని మావాడు బయల్దేరాడు. అలిపిరిలో మన వీపు మీద పది కిలోల బ్యాగుండదన్న సంగతి అరగంటకే అర్థమైంది. పక్కనుంచి గంటలు మోగించుకుంటూ కంచరగాడిదల వరస వెళ్తుంటే కొండవైపు ఒదిగి నిలబడాలి. లోయవైపు నిలబడితే వాటి మూటలు తగిలి మనం కిందికి పోతాం. అది దాయ్ చెప్పిన మొదటి పాఠం. రెండోది ‘బిస్తారై, బిస్తారై’. మెల్లగా, మెల్లగా అని.

ఉల్లేరీలో గది ఐదొందలు. చవకే. కానీ ఆ ధరకు ఇవ్వాలంటే భోజనం కూడా అక్కడే చేయాలి. ఈ దారిలో టీహౌస్‌ల పద్ధతి అది. మెనూలో దాల్‌భాత్ 550 అని ఉంది. పోఖరాలో మూడొందలకే తిన్నాం. నేను హిందీలో బేరం మొదలుపెట్టాను. ‘‘దీదీ, పప్పూ అన్నమే కదా, నాలుగొందలు చేసుకోండి.’’

ఆవిడ కోప్పడలేదు. గుమ్మం బయట చూడమంది. అప్పుడే ఒకతను మెట్లెక్కి వచ్చి బుట్ట దించుతున్నాడు. వెదురు బుట్ట, దాని పేరు డోకో. దాన్ని మోసే పట్టీ భుజాలకు కాదు, నుదుటికి ఉంటుంది. లోపల బియ్యం బస్తా, నూనె డబ్బాలు, పైన కట్టిన గ్యాస్ సిలిండర్. ‘‘ఒకసారి ఎత్తి చూడు భాయ్, తర్వాత ధర నువ్వే చెప్పు’’ అంది నవ్వుతూ.

పట్టీ నుదుటికి పెట్టుకుని లేవబోయాను. మోకాళ్లు లేచాయి కానీ బుట్ట లేవలేదు. అతను కూడా నవ్వాడు. వయసు నాకంటే తక్కువే. పొద్దున నయాపూల్‌లో బయల్దేరాడట. నేను ఇంకేం మాట్లాడలేదు. దాల్‌భాత్ వచ్చింది. అన్నం, పప్పు, ఆకుకూర, బంగాళదుంప కూర, పచ్చడి. అడగకుండానే రెండుసార్లు మారు వడ్డించింది. 550 ఇచ్చాను. ఆ రాత్రి కాలిక్యులేటర్ తీయలేదు.

మూడోరోజు తెల్లవారుజామున నాలుగున్నరకి ఘోరేపానీ నుంచి టార్చ్‌లైట్లతో బయల్దేరాం. పూన్ హిల్ ఎత్తు 3,210 మీటర్లు. చలికి చేతులు జేబుల్లోంచి రాలేదు. మొదట ధవళగిరి కొస ఎరుపెక్కింది. 8,167 మీటర్లు, ప్రపంచంలో ఏడో ఎత్తైన శిఖరం. తర్వాత అన్నపూర్ణ, ఆ తర్వాత చేపతోకలాంటి మచ్ఛపుచ్ఛ్రే. దాన్ని పవిత్రంగా చూస్తారు, ఎక్కడానికి అనుమతి ఇవ్వరు. పది నిమిషాలు ముగ్గురం ఒక్క మాటా అనుకోలేదు. మా గ్రూపు చరిత్రలో అదొక రికార్డు.

అదేరోజు దిగుడులో నా కుడి మోకాలు పట్టేసింది. చుట్టూ ఎర్రగా పూసిన లాలీగురాస్ చెట్లు, అంటే రోడోడెండ్రాన్, నేపాల్ జాతీయ పుష్పం. నాకు పూలు కనిపిస్తే కదా! చెబితే ఆగాలి. ఆగితే ఒక రాత్రి గది, తిండి, గైడ్‌కి ఒకరోజు డబ్బు పెరుగుతాయి. అందుకని ఎవరికీ చెప్పకుండా పళ్లు బిగించి నడిచాను. ఒక తడి రాయి మీద కాలు జారి కూర్చుండిపోయాను. రెండడుగుల అవతల లోయ.

దాయ్ ఏమీ అడగలేదు. నా బ్యాగు తీసి తన బ్యాగు మీద వేసుకున్నాడు. తాడాపానీ చేరాక మాత్రం అన్నాడు: ‘‘నొప్పి దాస్తే నాకెలా తెలుస్తుంది? రేపు నడవొద్దు.’’ బ్యాగు మోయడం ఆయన పని కాదు. మేం పోర్టర్‌ని పెట్టుకోలేదు, గైడ్‌నే పెట్టుకున్నాం. అదీ నేను ఒప్పుకుని ఉంటే లేకపోయేవాడు. మర్నాడు ఎండలో కూర్చుని మోకాలికి వేడినీళ్ల కాపడం పెట్టుకున్నా. ఐదోరోజు మెల్లగా ఘాంద్రుక్ దిగి, జీపు పట్టుకుని పోఖరా వచ్చేశాం.

చివరిది ర్యాఫ్టింగ్. పోఖరా నుంచి కాఠ్మాండూ వెళ్లే హైవే పక్కనే త్రిశూలి నది పారుతుంది. ఇద్దరు ఏజెంట్లు రెండు రేట్లు చెప్పారు. చవకగా చెప్పినతని దగ్గర హెల్మెట్లు లేవు, లైఫ్‌జాకెట్ బకిల్స్ సగం ఊడి ఉన్నాయి. రెండోచోట మనిషికి వెయ్యి నేపాలీ ఎక్కువ. అక్కడ హెల్మెట్, బిగుతైన జాకెట్, వెంట ఒక సేఫ్టీ కయాక్. ఈసారి మావాడు బేరం మొదలుపెట్టాడు. ‘‘వద్దు మామా, దీనికి బేరం వద్దు’’ అన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు.

నాకు ఈత రాదు. బయల్దేరేముందు గైడ్ ఒకటికి రెండుసార్లు చెప్పాడు: నీళ్లలో పడితే నిలబడాలని చూడొద్దు, రాళ్ల మధ్య కాలు ఇరుక్కుంటుంది. వెల్లకిలా పడుకో, కాళ్లు ప్రవాహం వెళ్లేవైపు పెట్టు. మూడో ర్యాపిడ్‌లో పడవ ఒక్కసారి లేచింది. నేను పడవలో లేను. మంచులాంటి నీళ్లు, చెవుల్లో హోరు, పైన కాసేపు ఆకాశం, కాసేపు నురగ. కాళ్లు ముందుకు పెట్టుకుని అమ్మని తలుచుకున్నా. హెల్మెట్‌కి ఏదో టక్కున తగిలింది. ఇంతలో కయాక్ పక్కకొచ్చింది. ‘‘పట్టుకో!’’ ముందున్న తాడు పట్టుకున్నా. మొత్తం ఒక నిమిషం కూడా అయ్యుండదట. హెల్మెట్ మీద గీత మాత్రం వేలంత పొడవుంది.

ఇవీ ఆ మూడున్నర వేల లెక్కలు: తాడాపానీలో అదనపు రోజు 1,500. జీపు 400. ర్యాఫ్టింగ్ తేడా 600. దాయ్‌కి వద్దన్నా చేతిలో పెట్టింది 1,000.

మీరూ వెళ్తారా? మనకు వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్‌ని నమ్ముకోవద్దు. మన నోట్లు తీసుకెళ్తే వందలవే ఎక్కువ పెట్టుకోండి. అన్నపూర్ణ ప్రాంతం పర్మిట్ సార్క్ దేశాల వాళ్లకు వెయ్యి నేపాలీ రూపాయలు. ట్రెక్‌కి మార్చి-ఏప్రిల్, అక్టోబరు-నవంబరు మంచివి. వానాకాలంలో కొత్తవాళ్లు త్రిశూలి జోలికి వెళ్లొద్దు.

డబ్బు తగ్గించుకోవాలంటే దారులు చాలా ఉన్నాయి. స్లీపర్ క్లాసు, షేరింగ్ గది, రెండ్రోజులు స్నానం లేకపోవడం... అన్నీ చేశాం, ఏమీ కాలేదు. వచ్చే ఏడాది అన్నపూర్ణ బేస్‌క్యాంప్ అనుకుంటున్నాం. షీట్ మళ్లీ నేనే చేశా. ఈసారి గైడ్, పోర్టర్, ఒక అదనపు రోజు... ఈ మూడూ పై వరసల్లో పెట్టి లాక్ చేశా. కోతలన్నీ వాటి కిందే.