డిప్‌స్టిక్ చెప్పే నిజం

ఢిల్లీలో చలి వెనుకంజ వేసే రోజులలో వాహనప్రియులకు ఒక పండుగ వస్తుంది. స్టేట్స్‌మన్ దినపత్రిక 1964లో ప్రారంభించిన పాతకార్ల ర్యాలీ అది. తెలుగువారికి ఇందులో ఒక ఆత్మీయబంధువు కూడా ఉంది. ఒకనాడు నిజాం రైల్వేకు సేవచేసి, నేడు చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియంలో విశ్రమిస్తున్న 1914 నాటి జాన్ మోరిస్ అగ్నిమాపక శకటం ఈ ఊరేగింపులో పాల్గొన్నది.

జనం కళ్లు తళతళలాడే మడ్‌గార్డులమీద నిలుస్తాయి. ఎరిగినవారి కళ్లు మాత్రం పైకెత్తిన బానెట్ల వైపు పోతాయి. బయలుదేరేముందు అక్కడ ఒక చిన్న పరీక్ష జరగాలి. అదే ఇంజన్ ఆయిలు మట్టం చూడడం.

ఈ పరీక్షకు కారణం లేకపోలేదు. 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటి వింటేజి వాహనంగా నమోదైన కారును నిత్యప్రయాణానికి వాడరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కించాలి. ఏడాదిలో ఎక్కువ కాలం కదలకుండా నిలిచిన కారులో, ముదిరిన సీళ్ల నుండి నూనె బొట్టుబొట్టుగా జారిపోవచ్చు. నూనె చాలకపోతే పంపు గాలిని పీల్చుతుంది, బేరింగులు అరిగిపోతాయి. అటువంటి పాత ఇంజన్‌కు విడిభాగాలు దొరకడం సులభం కాదు.

1945 నుండి 1949 వరకు ఇంగ్లండులో తయారైన ఎం.జి. టి.సి. స్పోర్ట్స్ కారును తీసుకుందాం. దాని 1250 సి.సి. ఇంజన్‌లో నూనె అడుగునున్న సంపులోనే నిలుస్తుంది. కనుక కారును చదునైన నేలమీద నిలిపి, ఇంజన్ ఆపి, పైభాగాన ఉన్న నూనె కిందికి దిగేవరకు కొన్ని నిమిషాలు ఆగాలి. డిప్‌స్టిక్ తీసి శుభ్రంగా తుడిచి, పూర్తిగా లోపలికి దింపి, మరల తీసి చూడాలి. ఒక చక్రం కాలిబాట అంచుమీద ఉన్నా లెక్క తప్పుతుంది.

సరిగ్గా ర్యాలీ మొదలైన 1964లోనే ఉత్పత్తి ఆరంభమైన పోర్షే 911కు ఈ పద్ధతి పనికిరాదు. దాని నూనె వేరొక ట్యాంకులో ఉంటుంది. ఇంజన్ ఆగితే ఆ నూనె క్రమంగా ఇంజన్‌లోకి జారుతుంది. ట్యాంకులో మట్టం తగ్గినట్లు కనిపిస్తుంది. అందుచేత ఇంజన్ బాగా వేడెక్కిన తరువాత, నిదానంగా తిరుగుతూండగానే చూడాలి. ఇది తెలియక చల్లని ఇంజన్‌ను చూసి నూనె పోస్తే, అధికమైనది గాలి గొట్టంలోకి చేరి పొగ వెళ్లగక్కుతుంది.

ఎక్కువైతే ఎం.జి.కీ చేటే. తిరిగే క్రాంక్ షాఫ్టు నూనెను చిలికి నురుగు చేస్తుంది. రెండు గీతల నడుమ, పైగీతకు దగ్గరగా ఉంటే చాలు. నూనె పాలరంగుకు తిరిగితే నీరు కలిసిందనీ, పెట్రోలు వాసన వస్తే ఇంధనం దిగుతున్నదనీ అనుమానించాలి. అప్పుడు ఊరేగింపు కన్న మెకానిక్కు వద్దకు పోవడమే మేలు.

డిప్‌స్టిక్ అబద్ధం చెప్పదు. అయితే ఏ ఇంజన్‌ను ఏ వేళ అడగాలో తెలిసినవారికే అది నిజం చెబుతుంది.