గూటికి వైద్యం

పగటిపూట ఆస్పత్రికి తెచ్చిన కోడి ఒంటి మీద ఎర్రనల్లి దొరకదు. ఇది గుర్తులేని పశువైద్యుడు కోడి రెక్క ఎత్తి చూస్తాడు. తోక కింద ఈకలు విడదీసి చూస్తాడు. తురాయి పాలిపోయింది కాబట్టి రక్తం తగ్గిందని తేల్చి, నులిపురుగుల మందూ ఓ బలం మందూ రాసి పంపేస్తాడు. వారం తిరక్కుండా అదే కోడి మళ్లీ వస్తుంది. లేదంటే కోడి పోయిందని చెప్పడానికి దాన్ని పెంచిన ఆవిడ ఒక్కతే వస్తుంది. బందరు, గుడివాడ, దివిసీమ పల్లెల్లో పెరటి కోళ్లను చూస్తూ వచ్చిన ఇన్నేళ్లలో నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది. ఈ జబ్బులో వైద్యం చేయాల్సింది ముందు గూటికి, ఆ తర్వాతే కోడికి.

శాస్త్రంలో ఎర్రనల్లి పేరు డెర్మానిసస్ గాలినే. మిల్లీమీటరుకు మించని జీవి. ఖాళీ కడుపుతో బూడిదరంగులో ఉంటుంది, రక్తం తాగాక ఎర్రబడుతుంది. పగలంతా కర్ర పగుళ్లలో, మేకు తలల చుట్టూ, పొదిగే బుట్ట అడుగున గుంపులుగా నక్కి ఉంటుంది. చీకటిపడి కోళ్లు దండె మీద కునుకు తీశాక బయటికొచ్చి, అరగంటో గంటో రక్తం తాగి, తెల్లారేలోపు మళ్లీ పగుల్లోకి చేరుకుంటుంది. గుడ్లు పెట్టేదీ అక్కడే. మన డెల్టా వేడికీ చెమ్మకీ గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి వారం, పది రోజులు చాలు. తిండి దొరక్కపోయినా చల్లటి చెమ్మ చోట్ల నెలల తరబడి బతకగలదు. గూడు నాలుగు రోజులు ఖాళీగా ఉంచాం, పోయుంటాయి కదండీ అని అడిగేవాళ్లకు ఈ సంగతే ముందు చెబుతాను.

నాగాయలంక దిగువ నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. ఆవిడ ఫిర్యాదు కోడి జబ్బు గురించి కాదు. పొదుగుతున్న పెట్ట ఇరవై ఒక్క రోజులు నిండకుండానే గుడ్ల మీంచి లేచిపోతోందట. అంతకుముందు మరో పెట్ట కూడా అలాగే లేచిపోయిందట. "ఎవరి కన్నో పడింది బాబూ, ఇంటిచుట్టూ ఉప్పు తిప్పి పోశాను, అయినా నిలవట్లేదు" అంది. పొదుగుడు పెట్ట మామూలుగా మేతకు కూడా బలవంతాన లేస్తుంది. అలాంటిది గుడ్లు చల్లారిపోతున్నా దగ్గరికి పోనంటోందంటే, ఆ బుట్టలో దాన్ని కూర్చోనివ్వనిది ఏదో ఉంది. రాత్రి పూట వచ్చి చూస్తానన్నాను. "కోడిని చూడ్డానికి రాత్రి పూట వస్తారా?" అని ఆవిడ నమ్మలేదు.

ఆ వైపు ఇళ్లలో కోళ్ల గూడు వంటింటి గోడకు ఆనించే ఉంటుంది. ముంగిస భయం, మడ అడవుల దగ్గరి ఊళ్లలో బావురుపిల్లి భయం. ఆవిడ గూటికి వాడింది సరుగుడు కర్ర. తీరంలో చవగ్గా దొరికేది అదే. బెరడు తీయకుండా దండె కట్టేశారు. సెల్‌ఫోన్ దీపం వేసి ఆ బెరడు అంచు గోటితో లేపగానే, ఉప్పూ మిరియాల పొడీ కలిపి చల్లినట్టున్న దాంట్లోంచి ఎర్రటి చుక్కలు కదిలాయి. పైనున్నవి నల్లులు వదిలిన కుబుసాలు, వాటి రెట్ట. బుట్ట అడుగున ఊకలో, దాని కింద వేసిన పాత చీరముక్క మడతల్లో అంతకన్నా ఎక్కువ. వేలితో నొక్కితే రక్తం మరక పడింది. పెద్దమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, "ఇన్నాళ్లూ దాన్ని తిట్టాను బాబూ" అంది.

ఆ గూటికి నల్లి ఎలా చేరిందో కూడా ఆవిడ మాటల్లోనే దొరికింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు దిగినప్పుడు లంకల్లో జనం దొరికిన గంపల్లో కోళ్లను కుక్కుకుని గట్లెక్కారు. పది ఇళ్ల కోళ్లు ఒక్కచోట ఉన్నాయి. నీళ్లు తీశాక ఎవరి కోళ్లు వాళ్లు తెచ్చుకున్నారు గానీ గంపలు మారిపోయాయి. ఆవిడ పొదగేసిన బుట్ట తనది కాదు. నల్లికి రెక్కల్లేవు. ఊరికి ఊరు అంటుకుందంటే అరువు గంపా, సంతలో కొన్న పెట్టా, గూటి పైకప్పులో పిచ్చుక గూడూ, వీటిల్లో ఏదో ఒకటి మోసుకొచ్చి ఉంటుంది.

చేసిన వైద్యంలో మందుల కంటే ఒంటి చాకిరీయే ఎక్కువ. ఊక, చీరముక్క, బుట్ట తగలబెట్టాం. సరుగుడు దండెలు తీసేసి నున్నటి ఇనప గొట్టం వేయించాం. గూడంతా సలసల కాగే నీళ్లతో కడిగి, ఎండాక పగుళ్లు పూడేలా చిక్కగా సున్నం కొట్టించాం. ఎనిమిదో రోజున మళ్లీ అదంతా. ఎందుకంటే మొదటిసారి తప్పించుకున్న నల్లి గుడ్లు పగిలి, ఆ పిల్లలు పెద్దవై గుడ్లు పెట్టేలోపే రెండో దెబ్బ పడాలి. పెట్ట వదిలేసిన ఆ విడత గుడ్లు దక్కలేదు. మరుసటి నెల కొత్త బుట్టలో వేసినవి పిల్లలయ్యాయి. పెద్దమ్మ ఏడాది పొడవునా చేతిలో ఆడించుకునే డబ్బు ఆ పిల్లలే. మందుబిళ్లలకూ మనవరాలి పుస్తకాలకూ ఆవిడ ఎవర్నీ అడగక్కర్లేకుండా చేసేది ఆ కోళ్లే. కోడికి వైద్యమేంటని నవ్వేవాళ్లకు ఆ లెక్క తెలియదు.

అన్ని గూళ్లూ ఇలాగే ఉండవు. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే కొన్నిచోట్ల కనిపించేది దీని దాయాది ఆర్నితోనిసస్. అది పగలు కూడా కోడి ఒంటి మీద ఉంటుంది. తోక కింద ఈకలు నల్లగా మురికి పట్టినట్టు కనిపిస్తాయి. దానికైతే కోడికీ మందు పట్టాలి. కోడిపేను వేరు. అది పసుపుపచ్చగా ఉండి ఒంటి మీదే పరిగెడుతుంది, ఈక మొదట్లో గుడ్లు గుత్తులుగా అంటిస్తుంది. ఇక కోళ్లను పట్టే గోమారి (ఆర్గాస్) నల్లిలాగే పగలు పగుల్లో దాక్కుని రాత్రి కుడుతుంది, పైగా స్పైరోకీటోసిస్ అనే జ్వరాన్ని ఎక్కిస్తుంది. ఆకుపచ్చ రెట్ట, కాళ్లు పడిపోవడం చూసి ఊళ్లో అంతా కొక్కెర తెగులనుకుంటారు. కొక్కెర తెగులుకు మందు లేదు, టీకా ఒక్కటే. స్పైరోకీటోసిస్ పెన్సిలిన్‌తో లొంగుతుంది. అందుకే ఏది కుడుతోందో తేల్చకుండా మందు రాయడం నాకు ఇష్టం ఉండదు. తేల్చుకోవడం కష్టం కూడా కాదు. గీతల అట్టపెట్టె ముక్కను చుట్టి సాయంత్రం దండెకు కట్టి, పొద్దున్నే మూత బిగుతుగా ఉన్న సీసాలో వేసి తెమ్మంటాను. నల్లి ఉంటే ఆ అట్ట గొట్టాల్లో దూరి ఉంటుంది.

గుడివాడ దగ్గరి పల్లెలో ఒకతను ధనుర్మాసంలో పందెపు నెమలి పుంజును చూపించాడు. అసీల్ జాతి. పందేలు చట్టరీత్యా నేరమని అతనికి చెప్పాను. అయినా నా ముందు నిలబడ్డది జబ్బు చేసిన పక్షి, దాన్ని చూడక తప్పదు. బాదం, ఉడికిన గుడ్డు, ఖైమా పెడుతున్నా బరువు నిలవట్లేదట, పొద్దున్నే కళ్లు మూసుకుని తూలుతోందట. చలిగాలి తగలకుండా గూటికి గోనెపట్టాలు మడిచి వేలాడదీశాడు. ఆ మడతలన్నీ నల్లే. అంత మేపూ రాత్రిళ్లు నల్లి పాలవుతోంది.

ఆ ఇంటి వెనకే రైస్ మిల్లు బూడిద గుట్ట ఉంది. గుడివాడ చుట్టూ ఊక మండించే మిల్లులకు కొదవలేదు. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా. నల్లి చర్మం మీద సన్నటి మైనపు పూత ఉంటుంది, లోపలి తడి ఆరిపోకుండా కాపాడేది అదే. మెత్తటి సిలికా పొడి ఆ పూతను పీల్చేస్తే ఒంట్లో నీరు ఆరిపోయి చస్తుంది. ఐరోపాలో ఇదే సూత్రం మీద సిలికా పొడులు తయారుచేసి అమ్ముతున్నారు. మన పెట్టలు ఎవరూ చెప్పకుండానే పొయ్యి బూడిదలో పొర్లాడతాయి. అతని చేత ఒక తొట్టెలో బూడిద పోయించాను, గూటి అంచుల్లో కూరించాను. అయితే దీనికో హద్దుంది. గాలిలో చెమ్మ పెరిగితే పొడి పీల్చే గుణం తగ్గిపోతుంది. తొలకరి నుంచి కార్తీకం దాకా మన తీరంలో బూడిదను నమ్ముకుని కూర్చోకూడదు. పొడి దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు కాబట్టి చల్లేవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. కోళ్లు లోపలుండగా చల్లకూడదు.

మనకు అంతకన్నా పెద్ద మందు వేసవి. నలభై అయిదు డిగ్రీలు దాటిన వేడికి ఈ నల్లి తట్టుకోలేదు. రోహిణి కార్తెలో పడమటి గాలి కొట్టేటప్పుడు గూడు విప్పదీసి, తలుపులూ దండెలూ రేకు మీద పరిచి మిట్టమధ్యాహ్నం ఎండబెట్టమంటాను. అలా విప్పడానికి వీలుగా గూడు కట్టుకోవాలని మాత్రం ఎవరూ అనుకోరు.

ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి. చేలో పట్టే నల్లికి కొట్టే మందే గూట్లో నల్లికీ పనికొస్తుందని మన రైతులు అనుకుంటారు. రెండూ వేరు వేరు జీవులు, పైగా చేలో ఎవరూ నిద్రపోరు. ఒక ఇంట్లో కొడుకు తల్లికి సాయం చేద్దామని, అటక మీద మిగిలిపోయిన డైక్లోర్‌వాస్ సీసా తీసి సాయంత్రం గూట్లో కొట్టాడు. 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధించిన మందు అది. సీసాలు ఇళ్లలో ఉండిపోయాయి. కోళ్లు రోజూలాగే గూట్లోకి వెళ్లాయి, తలుపు వేశారు. తెల్లారి నన్ను పిలిచేసరికి సగం పోయాయి. మిగిలినవి నోట సొంగ కారుస్తూ, ముక్కు తెరిచి ఎగశ్వాస తీస్తూ, కాళ్లు కొట్టుకుంటున్నాయి. అట్రోపిన్ ఇచ్చి కొన్నిటిని నిలబెట్టగలిగాను. ఆ కుర్రాడు గూటి పక్కన కూలబడి తల ఎత్తలేదు. అతన్ని తప్పుపట్టాలని నాకు అనిపించలేదు. పురుగంటే పిచికారీ అని అతనికి పుట్టినప్పటి నుంచీ చుట్టూ ఉన్న చేలు నేర్పాయి.

చదువుకున్న దేశాల్లోనూ ఇదే జరిగింది. 2017 ఆగస్టులో నెదర్లాండ్స్, బెల్జియం కోళ్లఫారాల గుడ్లలో ఫిప్రోనిల్ బయటపడింది. మనం వరిలో కాండం తొలుచు పురుగుకు వేసే గుళికల్లో ఉండేది అదే. ఎర్రనల్లిని చంపడానికి ఫారాలు శుభ్రం చేసేవాళ్లు దొంగచాటుగా వాడారు. లక్షలాది గుడ్లు పారబోశారు. గూట్లో ఏం కొట్టినా అది కోడి కొవ్వులోకీ, అక్కణ్నుంచి పచ్చసొనలోకీ చేరొచ్చని ప్రపంచానికి అప్పుడు తెలిసొచ్చింది. అదే ఏడాది ఐరోపా ఫ్లూరలానర్ అనే మందుకు అనుమతినిచ్చింది. తాగే నీళ్లలో వారం ఎడంతో రెండుసార్లు ఇస్తే, రక్తం తాగిన నల్లి చస్తుంది. మంచి మందే. పది కోళ్లున్న పెద్దమ్మ చేతిలో మాత్రం నేనింతవరకు దాన్ని చూడలేదు.

మందు తప్పనిసరైతే డెల్టామెత్రిన్‌ లాంటివి డాక్టరు చెప్పిన పాళ్లలో, ఖాళీ గూటికే, మేత, నీళ్లు, గుడ్లు తీసేశాక కొట్టమంటాను. పిచికారీ డబ్బా చెరువులో కడగొద్దని ప్రతిసారీ చెబుతాను. ఈ జాతి మందులు చేపకూ రొయ్యకూ ప్రాణాంతకం. మన దగ్గర పెరటి గుమ్మం దిగితే చెరువే.

బందరులో ఒక ఇంటి వాళ్లను నా దగ్గరికి పంపింది చర్మవ్యాధుల డాక్టరుగారు. ఇంటిల్లిపాదికీ రాత్రిళ్లు దురద, చేతుల మీదా మెడ మీదా ఎర్రటి పొక్కులు. గజ్జికి పూతమందు రాస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. ఆవిడ అడిగిన ప్రశ్న గొప్పది: "మీ ఇంట్లో కోళ్లున్నాయా?" మేడమెట్ల కింద గూడుండేది. కోళ్లను కోసేశాక నెల రోజులుగా ఖాళీగా పడి ఉంది. ఆకలేసిన నల్లి గోడ పగుల్లోంచి పక్కగదిలో మంచాలకు చేరింది. మనిషి రక్తంతో దాని సంతతి నిలవదు గానీ కుట్టడం మానదు. గూడు తగలబెట్టి, గోడ పగుళ్లకు సిమెంటు పెట్టి, పరుపులు ఎండలో వేశాక ఆ ఇంట్లో పిల్లలు నిద్రపోయారు. ఒంటి మీద పొక్కు చూసి పెరట్లో గూడును ఊహించిన ఆ డాక్టరుగారంటే నాకెంతో గౌరవం.

ఇప్పుడు డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు కలిసి కోళ్ల గూళ్లు చేయించుకుంటున్నచోటల్లా వడ్రంగి దగ్గర నేనే నిలబడుతున్నాను. కర్రకు బెరడు ఉండకూడదు. దండె ఇనప గొట్టమే కావాలి, మేకులతో బిగించకుండా కొక్కేలకు ఆనించి, చేత్తో ఎత్తితే బయటికి వచ్చేయాలి. గూటి కాళ్లు నాలుగూ వాడేసిన ఇంజినాయిలు పోసిన డబ్బాల్లో నిలబెట్టాలి, గూడు గోడను తాకకూడదు. ముంగిస భయానికి కింద దట్టమైన ఇనప జాలీ. ఖర్చు కొంచెం పెరుగుతుందని వడ్రంగి అంటాడు. పోయిన పెట్టల ఖరీదెంతో ఆడవాళ్లే అతనికి లెక్క చెబుతున్నారు.